గీతలో మూడు గుంతలు

2012 మార్చి 14, బుధవారం. ఉదయం 10.20.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో 'ద్యుతి సిగ్నల్స్' అనే చిన్న కంపెనీ. దాని గేటు ముందు ఒకావిడ నేల మీద కూలబడి ఏడుస్తోంది. పేరు ఉప్పలమ్మ. ఆమె భర్త రామస్వామి అక్కడ పదకొండేళ్లుగా టెక్నీషియన్. నిన్న పొద్దున డ్యూటీకి వచ్చిన మనిషి తిరిగి ఇంటికి పోలేదు. ఫోన్ కలవడం లేదు.

"షుగర్ మనిషి మేడం! గోలీలు ఇంట్లనే ఉన్నయ్. పూట తప్పితే కండ్లు తిరిగి పడిపోతడు!"

ఆ కేక మేడ మీద కిటికీ దగ్గరున్న అమృత చెవిన పడింది. రామస్వామిని చివరిసారి చూసింది తనే. ఇరవై నాలుగేళ్ల పిల్ల. జూనియర్ ఇంజనీరుగా చేరి ఏడాది కూడా కాలేదు. పోలీసులంటే టీవీలో చూడటమే.

ఇప్పుడు గేటు దగ్గర నుంచి పైకి వచ్చిన ఎస్సై త్రివేణి సరిగ్గా ఆమె ఎదుటే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎన్ని గంటలకు సూశినవ్?"

"నాలుగూ పదికి మేడమ్."

"ఎటు పోతున్నడు?"

"వెనక వైపు. చేతిలో టూల్ కిట్ ఉంది."

"మాట్లాడినవా?"

"లేదు మేడమ్. పనిలో ఉన్నాను." నిజమే చెబుతున్నా అబద్ధం చెబుతున్నట్టు ఎందుకు వినబడుతోందో ఆమెకే అర్థం కాలేదు.

వాచ్‌మన్ మొగిలయ్య చేతులు కట్టుకుని చెప్పాడు. "గేటు దాటలే మేడం. నేను ఆడనే ఉన్న. ఆయన సైకిల్ గూడ షెడ్డులనే ఉన్నది."

అంటే మనిషి లోపలే ఉండాలి. స్టోర్ రూమ్, బాత్‌రూములు, మిద్దె, నీళ్ల సంపు అన్నీ వెతికారు. ఎక్కడా లేడు.

మిగిలింది ఒక్క గది. ఈ బిల్డింగు ఒకప్పుడు పండ్ల కోల్డ్ స్టోరేజీ. వెనకున్న ఆ గదికి జానెడు మందం గోడలు. లోపల నుంచి అరిచినా బయటికి వినబడదు. ఇప్పుడు అందులో వెలుగును మోసే పది కిలోమీటర్ల ఫైబర్ చుట్ట ఉంది. బయటివాళ్లకు పరికరం చూపించే డెమోకు రెండు రోజుల ముందు ఆ తలుపుకు సీలు వేస్తారు. తెరిస్తే లోపలి వేడి మారి, వెలుగు ప్రయాణించే టైమింగ్ చెడిపోతుంది. తలుపు మీద అంటించిన కాగితంపై సోమవారం తేదీ, అమృత సంతకం ఉన్నాయి.

"సీలు సోమవారంది. మనిషి కనబడకుండా పోయింది మంగళవారం. లోపలెలా ఉంటాడండీ?" అన్నాడు ధీరజ్. సీనియర్ ఇంజనీర్. ఆ గది తాళం అతని దగ్గరే ఉంటుంది.

మాట సబబుగానే ఉంది. అందరూ అక్కడి నుంచి కదిలారు. త్రివేణి మాత్రం కాగితం అంచున టేపును గోటితో ఒకసారి గీకి వచ్చింది.

10.40.

"అసలు మీరు ఏం తయారు జేస్తరు సార్?" కంపెనీ యజమాని రామ్మోహనరావును అడిగిందామె.

ఆయన రిటైర్డ్ సైంటిస్టు. ఇంత గాభరాలోనూ ఆ ప్రశ్నకు ఆయన వెన్ను నిటారైంది. "యాంటెన్నా పట్టే సిగ్నల్ ఆగకుండా పారుతూ ఉంటుందమ్మా. కంప్యూటరుకేమో అంకెలు కావాలి. అందుకని సెకనుకు కోట్ల సార్లు మెరిసే లేజర్ పెట్టాం. మెరిసినప్పుడల్లా ఒక కొలత. ఆ కొలతలే అంకెలు. మెరుపుకూ మెరుపుకూ మధ్య ఎడం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఎలక్ట్రానిక్ గడియారాలు ఆ వేగంలో తడబడిపోతాయి."

"అంటే వెలుగే మీకు గడియారం."

"అంతే! మధ్యాహ్నం పన్నెండుకు బెంగళూరు వాళ్లు డెమో చూడటానికి వస్తున్నారు."

"వస్తే రానీయున్రి. నిన్న నాలుగూ పది తర్వాత ఏం మిషన్లు నడిచినయ్?"

"లేజర్ నడిచింది. దాని వెలుగు ఆ ఫైబర్ చుట్ట గుండా వచ్చి, రెండుగా చీలి, అమృత టేబుల్‌కూ ధీరజ్ టేబుల్‌కూ చేరుతుంది. ఇద్దరూ రికార్డింగ్ చేశారు."

"సూపెట్టున్రి."

అమృత తన రికార్డు తెరిచింది. టెస్ట్ సిగ్నల్ గీత సమంగా పోతోంది. 4.40 దగ్గర గుంతలు పడ్డాయి. అయిదింటికి రికార్డు ఆపేదాకా అవే.

"ఏందమ్మా ఈ గుంతలు?"

"నాయిస్ మేడమ్. రోడ్డు మీద లారీలు పోతే ఫైబర్ అదురుతుంది. మామూలే." పక్కన లాగ్‌లో ఆమె నిన్న టైపు చేసిన మాట ఉంది: నాయిస్, పట్టించుకోనక్కర్లేదు.

త్రివేణి స్క్రీన్ మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపింది. మూడు గుంతలు. ఖాళీ. మూడు గుంతలు. ఖాళీ. మళ్లీ మూడు.

"లారీ లెక్కవెట్టుకుంట పోతదా అమ్మా?"

అమృత స్క్రీన్ వైపు వంగింది. ఫైబర్‌ను వేళ్లతో వంచితే వెలుగు తగ్గుతుంది. ఏ ఫైబర్ ఏ టేబుల్‌దో కనుక్కోవడానికి రోజూ అలా వంచి చూసేది ఒక్క రామస్వామే. దారంతా ఫైబర్ ఇనుప పైపులో ఉంటుంది. టేబుళ్ల దగ్గర కాకుంటే చేతికి అందేది ఆ గదిలో మాత్రమే.

"అయ్యో! ఆయన లోపలున్నాడు మేడమ్! ఆ గదిలోనే ఉన్నాడు!"

కుర్చీ వెనక్కి పడింది. అమృత మెట్ల మీద పరుగు తీసింది. నాలుగూ నలభై నుంచి ఇప్పటికి పద్దెనిమిది గంటలు. గాలి ఆడని గదిలో షుగర్ మనిషి. దేవుడా, దేవుడా అనుకోవడం తప్ప ఆమెకు ఇంకో ఆలోచన లేదు.

"తాళంచెవి!" అంది త్రివేణి.

"ఉప్పల్‌లో... ఇంట్లో మర్చిపోయాను." ధీరజ్ మొహానికి చెమటలు పట్టాయి. "సార్, ఇప్పుడు తలుపు తీస్తే డెమో పోతుంది. ఒక్కసారి ఆలోచించండి."

రామ్మోహనరావు ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ ఒక్క క్షణానికి ఆయన తర్వాత చాలా సిగ్గుపడ్డాడు. "పగలగొట్టండి!"

మొగిలయ్య గడ్డపార తెచ్చాడు. నాలుగు దెబ్బలకు తాళం ఊడింది. 10.58.

ముక్కిపోయిన వేడిగాలి మొహాన కొట్టింది. ఫైబర్ చుట్ట పక్కన రామస్వామి ఒరిగిపోయి ఉన్నాడు. కదలిక లేదు. కుడిచేతి వేళ్ల మధ్య సన్నటి పసుపు ఫైబర్ ఇంకా అలాగే ఉంది. అమృత కళ్లు గట్టిగా మూసుకుంది.

త్రివేణి మెడ మీద వేలు పెట్టి చూసింది. "ఉన్నడు! పానమున్నది! 108కి ఫోన్ కొట్టున్రి, జల్ది!"

11.25. అంబులెన్స్ వెళ్లిపోయింది. ఉప్పలమ్మ కూడా అందులోనే వెళ్లింది. త్రివేణి మిగిలిన వాళ్లను ల్యాబ్‌లో కూర్చోబెట్టింది.

"ఇగ జెప్పున్రి. ఆయనను లోపల వెట్టి గడియేసింది ఎవరు?"

ధీరజ్ గొంతు సవరించుకున్నాడు.

"అనాలని కాదు మేడమ్. సీలు మీద సంతకం అమృతది. చివరిసారి చూసిందీ తనే. లోపలి నుంచి ఆయన చేసిన సైగ స్క్రీన్ మీద కనబడినా నాయిస్ అని రాసి పక్కన పెట్టిందీ తనే."

అందరి చూపులూ ఒక్కసారిగా అమృత మీద పడ్డాయి. అందులో ఒక్క ముక్కా కాదనడానికి లేదు. తనను జైలుకు తీసుకుపోతారు. నాన్నకు ఎవరు చెబుతారు?

"గిప్పుడు నీ రికార్డు సూపెట్టు బాబూ," అంది త్రివేణి ధీరజ్‌తో.

"నాదెందుకు మేడమ్? నాది క్లీన్‌గా ఉంది."

"ఆ క్లీనే జర సూడనీ."

స్క్రీన్ మీద గీత వచ్చింది. 4.30 నుంచి 5.30 దాకా ఎక్కడా మచ్చ లేదు. చూడముచ్చటగా ఉంది.

త్రివేణి రామ్మోహనరావు వైపు తిరిగింది. "సార్, లేజర్ ఒకటే. ఫైబర్ ఒకటే. చివర్ల రెండు టేబుళ్లకు చీలుతది. నిజమేనా?"

"నిజమే."

"నాలుగూ నలభైకి ఆయన ఫైబర్ నొక్కితే ఈ పిల్ల గీతల గుంతలు వడ్డయ్. ఇతని గీతల ఎందుకు వడలే?"

రామ్మోహనరావు కళ్లజోడు తీసేశాడు. "పడి తీరాలి," అన్నాడు చివరికి. "పడలేదంటే... ఇది నిన్నటి రికార్డు కాదు."

"గదే. పొద్దటిసంది అందరం గలీజుగున్న గీతను సూశి సిగ్గువడుతున్నం. గది నిజం. సాఫ్‌గున్నదే దొంగది. ఈ పిల్లనే లోపలేసి ఉంటే, ఆ గుంతలను కొట్టేయక నాకెందుకు సూపెడ్తది? ఇగ సీలు సంగతి. కాగితం సోమవారందే. టేపు కింద ఇంకో టేపు పీకిన మరక ఉన్నది. ఊడదీసి, మల్ల అదే కాగితం అంటించిండ్రు." ఆమె చెయ్యి చాచింది. "నీ బండి తాళాలు ఇయ్యి."

గుత్తిలో మూడు తాళంచెవులు ఉన్నాయి. ఒకటి బండిది, ఒకటి ఇంటిది. మూడోదాన్ని త్రివేణి, మొగిలయ్య ఊడగొట్టిన తాళంలో పెట్టి తిప్పింది. తిరిగింది.

ధీరజ్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"నా టేబుల్ మీది కొలిచే యూనిట్ పాడై పది రోజులైంది సార్. చెప్పడానికి భయమేసింది. పాత రికార్డుకే టైము మార్చి చూపిస్తున్నాను. నిన్న రామస్వామి చూసేశాడు. నా టేబుల్ దగ్గర ఫైబర్ ఊడి ఉంది, అయినా స్క్రీన్ మీద గీత నడుస్తోంది. సార్‌కు చెప్తా అన్నాడు. చుట్ట దగ్గర ఒకసారి చెక్ చెయ్యమని లోపలికి పంపించి గడియ పెట్టేశాను. డెమో అవగానే తీద్దామనుకున్నా. షుగరుందని తెలీదు సార్, ఒట్టు!"

రామ్మోహనరావు అతని వైపు చూడనే లేదు.

సాయంత్రం 6.15. దవాఖానాలో జనరల్ వార్డు.

అమృత గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఉప్పలమ్మే వచ్చి చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి లాక్కెళ్లింది. "ఈ పిల్లనే అయ్యా, నువ్వు ఆడున్నవని కనిపెట్టింది!"

రామస్వామి సెలైన్ లేని చేతిని కొద్దిగా పైకెత్తాడు. మాట బాగా నీరసంగా వచ్చింది.

"నాకెర్కే బిడ్డా. అయిదు దాకా టేబుల్ కాడ నువ్వు ఉంటవని ఎర్కే. అందుకే ధైర్యంగ నొక్కిన." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నిన్న కనవడలేదా?"

లేదు అనేస్తే సరిపోతుంది. ఎవరూ కాదనరు. అమృత రెండో చేత్తో మంచం కమ్మీ పట్టుకుంది.

"కనబడింది అంకుల్. ఇరవై నిమిషాలు కనబడింది. లారీ అనుకున్నాను."

ఉప్పలమ్మ చెయ్యి ఆమె చేతిలోంచి మెల్లగా జారిపోయింది.