ఆళ్లగడ్డలో మూడు గొంతులు

ఆత్మకూరులో రిటైరైన వ్యవసాయ శాస్త్రవేత్త ఒకాయన పట్టపగలు తన ఇంట్లోని కోల్డ్ రూములో ఊపిరాడక చనిపోయాడు. తలుపు దానంతటదే బిగుసుకుంది. నైట్రోజన్ వాల్వ్ దానంతటదే తెరుచుకుంది. వేలిముద్ర ఒక్కటీ దొరకలేదు. ఆ సమయంలో గేటు బయట కాపలా ఉన్నది ఏజెంట్ దెబోరా. ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు.

పదకొండో రోజు పొద్దున్నే నంద్యాలలో ఓ రైస్ మిల్లు ముందు ఆటో దిగి, గుమాస్తాను అడిగింది.

"పాత సోనా బియ్యం ఉన్నాయా?"

"వానకు తడిసినాయి. లోపలికి పోయి చూడు."

కోడ్ సరిపోయింది. ఊక బస్తాల వెనక గదిలో చీఫ్ నరసింహం కాచుకుని ఉన్నాడు.

"హంతకుడు మనిషి కాదు, దెబోరా. గొంతు. ఆ ఇంట్లో మూడు వాయిస్ అసిస్టెంట్లు ఉన్న్యాయి. నోవా, వాణి, మైనా. లైటెయ్ అంటే లైటేస్తాయి, తలుపు మూయ్ అంటే మూస్తాయి. వాటిల్లో ఒకటి, కొత్త వంగడాలు దోచే ఆర్కిడ్ ముఠా మాట వింటాంది. పని కాంగానే మూడూ కాలిపోయినాయి, యాదో తెలీలేదు."

"తరువాత ఎవరు సార్?"

"ఆళ్లగడ్డ సాల్మన్ రాజు. ఆయనింట్లోనూ అవే మూడు ఉండాయి. వాన లేకున్నా పండే కొర్ర వంగడం. పన్నెండేండ్ల కష్టం ఆయన కోల్డ్ రూములో ఉండాది. ముఠా అడిగింది, ఈయన ఇయ్యనన్నాడు. ఈ పొద్దు పన్నెండు గంటలకు ముహూర్తమని మెసేజ్ పట్టుకున్నాం."

"ఆయన్ని అక్కడి నుంచి తెచ్చేద్దాం."

"గింజల్ని ఇడిచి రాడంట. మూడూ పీకేస్తే ముఠా జారుకుంటాది, రేపు ఇంకో ఇల్లు. నువ్వు షాపు టెక్నీషియన్ మాదిరి పో. పోల్చి చూసి దొంగదాన్ని పట్టు. ఆడ యామిని ఉంటాది. మనమ్మాయే."

దెబోరా బస్సెక్కి ఆళ్లగడ్డ చేరేసరికి పది దాటింది. సాల్మన్ రాజు తలుపు తీశాడు. సన్నటి మనిషి, చొక్కా జేబులో కొర్ర కంకి. పన్నెండు దాటేదాకా కోల్డ్ రూము గడప తొక్కవద్దని ఆయనతో ఒట్టు వేయించుకుంది. హాల్లో యామిని కెమెరా సర్దుతోంది. గాడ్జెట్లను పోల్చి చూపే వీడియోలకు పది లక్షల మంది అభిమానులున్న అందగత్తె. ఆ వేషం వెనక డిపార్ట్‌మెంట్ మనిషి.

దెబోరా తన జామర్‌ను ఛార్జింగ్‌కు ప్లగ్గులో పెట్టి, ఇల్లంతా చూసి వచ్చింది. ఏ సిగ్నల్‌నైనా నొక్కేసే అగ్గిపెట్టెంత యంత్రం అది. తిరిగొచ్చేసరికి ప్రాణం లేకుండా పడి ఉంది. గోడ మీద స్విచ్ ఆపేసి ఉంది.

"ఎవరు ఆపారు?"

"నేనే పాపా," అంది పనిమనిషి ఆదెమ్మ, చీపురు దించకుండానే. "మనిషి లేని రూములో లైటు మినుకుమంటాంటే ఆపకుండా ఉంటానా? ఇంట్లో అందరూ బయటికి పోతే మెయినూ, ఇన్వర్టరూ రెండూ కట్టేస్తా. గంటో రెండు గంటలో ఆపినా ఇత్తనాలకేం కాదని సారే చెప్పినాడు."

దెబోరాకు ఒళ్లు మండింది. కానీ నంద్యాలలో వాళ్లమ్మదీ ఇదే జబ్బు. ఛార్జింగ్ ఎక్కని జామర్‌ను సంచిలో పడేసింది.

పరీక్ష మొదలైంది. నోవా ఇంగ్లీషుకు చురుకు, తెలుగుకు తడబడింది. వాణికి తెలుగు బాగా వచ్చు గానీ ఫ్యాను వేయడానికి పెళ్లికూతురిలా తటపటాయించింది. మైనా మాత్రం ఆళ్లగడ్డ యాసలో గొణిగినా ఠక్కున పని చేసింది. మంచి పనిమంతురాలే. అయితే పనితనం నేరానికి సాక్ష్యం కాదు.

దెబోరా వైఫై రూటర్ తీగ పీకింది.

"నోవా, లైటెయ్." ఇంటర్నెట్ లేదంది.

"వాణి, లైటెయ్." క్షమించమంది.

"మైనా, లైటెయ్."

లైటు వెలిగింది. ఇంట్లో నెట్ లేకపోయినా మైనా వినగలదు. దాని కడుపులో సొంత సిమ్ ఉంది.

"యామినీ, దొరికింది! మైనానే!"

"తెలుసు," అంది యామిని. ఆమె చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్ ఉంది. "దాన్ని ఇక్కడ పెట్టింది నేనే కదా."

"సారు ఎక్కడ?"

"కోల్డ్ రూములో. ప్రమాదం తప్పిందని నువ్వే చెప్పమన్నావన్నాను, పాపం నమ్మేశాడు. మైనా, చలి పెంచు."

లోపల తలుపు అయస్కాంత తాళం టక్కుమంది. తలుపు పక్క స్క్రీన్ మీద అంకెలు కదిలాయి. నైట్రోజన్ నిండడానికి మూడు నిమిషాలు. ఆత్మకూరు గేటు ముందు నిలబడ్డ ఆ మధ్యాహ్నం మళ్లీ దెబోరా కళ్ల ముందుకొచ్చింది. ఈసారీ ఆలస్యమేనా?

"నడు, కారెక్కు," అంది యామిని. "చంపి పారిపోయింది నువ్వేనని లోకం అనుకోవాలి."

రెండు నిమిషాల పది సెకన్లు.

వసారాలో ఆదెమ్మ గిన్నెలు తోముతోంది. ఆమె తల వెనకే మెయిన్ బోర్డు. పిస్టల్ దెబోరా నడుముకు, చున్నీ చాటున తగిలి ఉంది. దెబోరా గొంతు పెంచింది.

"ఆదెమ్మక్కా, మేమంతా నంద్యాలకు పోతాండాం. సారు కూడా కారెక్కినాడు. ఇంట్లో ఎవురూ లేరు."

"అట్నా? మంచిగా పోయి రాండి."

"తెలివైన అబద్ధం. నాకే పనికొస్తుంది," అని యామిని గుసగుసగా నవ్వింది. ఇద్దరూ కారెక్కారు. యామిని రిమోట్ నొక్కగానే కరెంటు గేటు కదిలింది. దెబోరా మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటోంది. ముప్ఫై. ఇరవై. ఆదెమ్మ చేతులు కడుక్కుంటోందా, కొంగుకు తుడుచుకుంటోందా? పది. దేవుడా, త్వరగా!

గేటు సగంలో ఆగిపోయింది.

యామిని రిమోట్ మళ్లీ నొక్కింది. గేటు ఉలకలేదు. ఆ ఒక్క క్షణం ఆమె చూపు పక్కకు పోయింది. దెబోరా మోచెయ్యి ఆమె మణికట్టు మీద పడింది, పిస్టల్ సీటు కిందికి జారింది. మరుక్షణం యామిని చేతులు సీటు బెల్టుతో బిగుసుకున్నాయి.

దెబోరా లోపలికి పరుగెత్తింది. కరెంటు లేని అయస్కాంతం తలుపును వదిలేసింది. వాల్వ్ మూసుకుంది. సాల్మన్ రాజు గడప మీద మోకాళ్ల మీద కూర్చుని దగ్గుతున్నాడు. ఒళ్లో కొర్ర గింజల డబ్బా. దెబోరా ఆయన పక్కనే నేల మీద కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చేసింది.

"ఏందీ సారూ, మీరు పోలేదా?" ఆదెమ్మ బుగ్గ నొక్కుకుంది. "లోపల ఉండి సెప్పకపోతే ఎట్లప్పా?"

సాయంత్రం నరసింహం ఫోన్ చేశాడు. దెబోరా ఫోన్లో బ్యాటరీ చివరి చుక్కలో ఉంటే ఛార్జింగ్‌లో పెట్టే మాట్లాడింది.

"శెబాష్. రిపోర్టులో ఏం రాయమంటావు? ఇంతకీ యాది మేలు?"

"నాలుగోది సార్. వైఫై అక్కర్లేదు. కానీ ఒకటే లోపం, అది..."

ఫోన్ ఆగిపోయింది. గోడ మీద ఛార్జర్ స్విచ్ ఆపేసి ఉంది. ఆదెమ్మ చీపురు పట్టుకుని పక్క రూములోకి పోతోంది.