అరిగిన పిన్ను

వీధి తలుపు గడియ పడుతుంది... లోపలి వైపు నుంచి!

విమలమ్మ తిరిగి చూసేలోపే చేతిలో ఫోన్ లేదు. వాడు లాక్కుని స్విచాఫ్ చేసి జేబులో వేసుకుంటాడు.

"సప్పుడు చెయ్యకు పెద్దమ్మా."

రెండో చేతిలో పిస్తోలు. పాతది. నలుపు రాలిపోయి ఇనుము తెల్లగా తేలింది.

దుర్గేష్!

నిన్న సీతాఫల్‌మండిలో ఎస్సై కల్పలత మీదికి పిస్తోలు ఎత్తింది వీడే. మూడుసార్లు నొక్కాడు. రెండుసార్లు పేలలేదు. పేలిన ఒక్కటీ గోడకు తగిలింది. వీడి అన్నను జైల్లో వేసిన ఆ కల్పలత విమలమ్మ కన్నకూతురు.

రాత్రంతా విమలమ్మకు కునుకు లేదు. ఏదో ముంచుకొస్తుందనే భయం. అది చిలకలగూడలోని ఈ ఇంట్లోకే నడిచొచ్చింది. పట్టపగలు!

కిటికీ పక్క బల్ల దగ్గర ఆమె భర్త బ్రహ్మచారి. పోలీసుల తుపాకులు రిపేరు చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు ఇంట్లోనే తాళాలు, కుట్టుమిషన్లు బాగుచేస్తాడు.

దుర్గేష్ నడుములోంచి కత్తి తీసి విమలమ్మ మెడకు ఆనిస్తాడు. పిస్తోలు బల్ల మీద పెడతాడు. పక్కనే చిన్న కవరు.

"కొత్త స్ప్రింగు, కొత్త పిన్ను. నీ బిడ్డ ఒంటిగంటకు అన్నానికొస్తది గదా. ఆలోపల బిగించు."

"వేరే మిస్త్రీ దొర్కలేదా?" అంటాడు బ్రహ్మచారి, తల ఎత్తకుండానే.

"మస్తుమంది ఉన్నరు. గాని బ్రహ్మచారి చెయ్యి పడితే రిపేరు మళ్ళ రాదంట." దుర్గేష్ నవ్వుతాడు. "నలభై ఏండ్ల పేరు. ఇప్పుడు ఖరాబ్ చేసుకుంటవా?"

విమలమ్మ భయం కూడా అదే. ఆ చేతిలోంచి నాసిరకం పని బయటికి పోదు. ఎవరికైనా సరే... పోదు.

బ్రహ్మచారి పిస్తోలు విప్పుతాడు. ఆయన కంట్లో శుక్లం. చిన్న సామాను అందించేది ఎప్పుడూ ఆమే. స్టీలు పళ్ళెంలో రెండు పిన్నులు పక్కపక్కనే. సూది కంటే కాస్త లావు. తూటాను వెనక గుద్ది పేల్చేది ఈ పిన్నే. పాతదాని మొన అరిగి మొద్దుబారింది. అందుకే నిన్న తూటాలు మొరాయించాయి.

"కొత్త పిన్నియ్యి విమలా."

ఆమె వేళ్ళు పళ్ళెంలోకి పోతాయి.

పాతది తీసి ఇస్తుంది!

బ్రహ్మచారి బొటనవేలు మొన మీద ఆగుతుంది. ఒక్క క్షణం... తెలిసిపోయింది. నోరు తెరిచి అడుగుతాడా? ఇది కాదు, కొత్తదియ్యి అంటాడా?

కుయ్‌మని కుక్కర్ కూత!

దుర్గేష్ ఉలిక్కిపడి వంటింటి వైపు తిరుగుతాడు. కత్తి మొన ఆమె మెడను గీరుతుంది.

"కుక్కర్ నాయినా... పప్పు."

"బిడ్డకు ఆఖరి పప్పా? మంచిగ తాలింపు పెట్టు."

చూపు తిప్పేసరికి పిస్తోలు బిగించి ఉంది. పళ్ళెం ఖాళీ.

దుర్గేష్ ఖాళీగా నొక్కి చూస్తాడు. టక్!

"సాఫ్‌గున్నది. పాత సామాను?"

బ్రహ్మచారి కాగితం పొట్లం అందిస్తాడు. మార్చిన పార్టు గిరాకీ చేతిలో పెట్టనిదే ఆయన ఏనాడూ పని ముగించలేదు.

దుర్గేష్ విప్పుతాడు. పాత స్ప్రింగు. మొన అరిగిన పాత పిన్ను!

విమలమ్మ పొట్లంలోకి చూస్తుంది. పాతది పొట్లంలో ఉందంటే... పిస్తోల్లో ఉన్నది కొత్తది. పెట్టేశాడు. కూతురి కంటే పనే ఎక్కువైంది ఈ మనిషికి.

"ఏం పని చేసినవయ్యా..."

ఆయన కుడిచేయి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు.

దుర్గేష్ కత్తి జేబులో వేసుకుని తూటాలు నింపుతాడు. ఒకటి... రెండు... మూడు. పిస్తోలు వీధి తలుపు వైపు లేస్తుంది.

ఒంటిగంట.

వీధిలో బండి చప్పుడు లేదు. మెట్ల మీద బూట్ల చప్పుడు లేదు.

వెనక, వంటింట్లో, గిన్నె కదిలిన శబ్దం!

దుర్గేష్ గిరుక్కున తిరుగుతాడు. గుమ్మంలో కల్పలత. ఆమె గుండెకు గురి. నొక్కుతాడు.

టక్.

మళ్ళీ.

టక్...

ఢామ్!

పిస్తోలు గచ్చు మీద పడుతుంది. దుర్గేష్ భుజం పట్టుకుని కూలబడతాడు. కల్పలత చేతిలో తుపాకీ ఇంకా వాడి మీదే ఉంది.

"నేను బయల్దేరే టైముకు నీ ఫోన్ రాకపోవుడు ఎన్నడన్న ఉన్నదా అమ్మా?" అంటుంది. "హెల్మెట్ పెట్టుకున్నవా అని సుత అడగలే. జెర డౌటొచ్చి ఎనుక నుంచొచ్చిన."

విమలమ్మ భర్త వైపు చూస్తుంది.

"కొత్తది పెట్టినవ్ గదా. ఎట్ల పేలలే?"

బ్రహ్మచారి కుడి పిడికిలి విప్పుతాడు. అరచేతిలో చెమటకు తడిసి, కొత్త పిన్ను!

పిస్తోల్లో ఏ పిన్నూ లేదు.

"నేనిచ్చిన పాతది పెడితే ఏమైతుండె?"

ఆయన గచ్చు మీది పిస్తోలు వైపు చూస్తాడు.

"అది మూడిట్ల ఒకసారి పేలుతది విమలా."