అలెగ్జాండ్రియాలో కైరో అజాన్

"రెండు రోజులు ఎక్కడ చచ్చావు?" అని కూతురు దాలియా అడిగేసరికి సుహైర్ గుండె గుబేలుమంది. తోటి విద్యార్థే అయినా పరాయి కుర్రాణ్ణి అట్లా అంటారా? వాడికి కోపం వచ్చి వెళ్ళిపోతే?

హాజెమ్ వెళ్ళలేదు. నవ్వాడు. "కైరోలో. మా అమ్మ దగ్గర."

"నలభై చొక్కాలకు నంబర్లు నేనొక్కదాన్నే పెట్టాను. సైన్సు నా వంతు, మేనేజ్‌మెంట్ నీ వంతు అనుకున్నాం. గుర్తుందా పాషా గారూ?"

"అయితే సైన్సు చూడు. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో."

"స్టేషన్ నుంచి పరుగెత్తుకొచ్చావు కాబట్టి. ఈ కాగితం పట్టుకో."

క్రీడాశాస్త్రం, నిర్వహణ డిగ్రీలో వాళ్ళిద్దరిదీ ఆఖరి ప్రాజెక్టు. రంజాన్ ఉపవాసంలో ఉన్న నలభై మంది అలెగ్జాండ్రియా సముద్రపు ఒడ్డున మూడు కిలోమీటర్లు పరుగెత్తాలి. పొద్దు గుంకాక వచ్చే మగ్రిబ్ అజాన్ వినగానే అందరూ కలిసి ఉపవాసం విడవాలి. ముందూ వెనకా నాడి కొలవాలి. ఏం తేడా వచ్చినా డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది. మార్కులు వేయడానికి డాక్టర్ నబీలా కలం పట్టుకుని నిలబడ్డారు.

"ఎవరైనా కళ్ళు తిరిగి సముద్రంలో పడితే?" అంది సుహైర్.

"మధ్యలో గోడ ఉందమ్మా."

"గోడ మీద పడితే?"

ఎవరూ పడలేదు. నలభై మందీ రొప్పుతూ గీత దాటారు. తలా ఒక ఖర్జూరం చేతికొచ్చింది. హాజెమ్ ఫోన్‌లో అజాన్ మోగింది. "బిస్మిల్లా" అని వాడు తనది నోట్లో వేసుకుని అందరికీ చెయ్యి ఊపాడు.

సుహైర్ పడమటికి చూసింది. సూర్యుడింకా నీటి మీదే ఉన్నాడు. నలుగురిలో ఏనాడూ గొంతెత్తని మనిషి గట్టిగా అరిచింది.

"ఆగండి, తినొద్దు. అది కైరో అజాన్. అక్కడ పొద్దు ముందే గుంకుతుంది. మనకింకా అయిదు నిమిషాలుంది."

నలభై చేతులు నోటి దగ్గరే ఆగిపోయాయి.

"నువ్వు మింగేశావా?" అని అడిగింది దాలియా.

హాజెమ్ తలూపాడు. జనం గొల్లుమన్నారు. డాక్టర్ నబీలా మాత్రం నవ్వలేదు. "పరుగెత్తినవాళ్ళ ఉపవాసం నిలిచింది, పరుగు పెట్టించినవాడిదే పోయింది. ఊరికే నిలబడతారేం, ఈ అయిదు నిమిషాల్లోనూ నాడి కొలవండి," అన్నారు.

దాలియా ఒకతని మణికట్టు పట్టుకుంది. కళ్ళు మాత్రం హాజెమ్ మీదే ఉన్నాయి. "రైలు దిగి ఇంతసేపైనా, ఫోన్ ఇంకా కైరోలోనే ఉంచావా?"

"మార్చడం మరిచాను."

"పరుగు వదిలేసి అక్కడంత రాజకార్యం ఏం వెలగబెట్టావు?"

వాడు దాలియాను చూడలేదు. సుహైర్ వైపు తిరిగాడు. "మా అమ్మకు దాలియా సంగతి చెప్పడానికి వెళ్ళానాంటీ. ఫోన్లో చెబితే సగం విని ఏడుపు మొదలుపెడుతుంది. మీరు సరేనంటే పండగ అయ్యాక మీ ఇంటికి వస్తానంది."

"నాకెంత వచ్చింది?" అన్నాడు మణికట్టు ఇచ్చినతను.

"మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాలి," అంది దాలియా. చెవులు ఎర్రబడ్డాయి.

మతిమరుపు వెధవ, రేపు పిల్లను రైల్లో మరిచి దిగిపోతే ఎట్లా అని సుహైర్ బెంగ. వాడేమో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి తప్పయిందని చెప్పుకుంటున్నాడు. "నీది ఎలాగూ పోయిందిగా, నీళ్ళన్నా తాగు" అని ఎవరో సీసా ఇస్తే పక్కన పెట్టేశాడు.

"అందరితోనే తాగుతాను," అన్నాడు.

ఆ మాట సుహైర్ చెవిన పడింది. అంతలో వెనక వీధి మసీదు నుంచి అసలు అజాన్ వినిపించింది. అందరూ తిన్నాక ఆమె వాడి దగ్గరికి వెళ్ళింది.

"పోయిన రోజుకు బదులు పండగ తరవాత ఒక రోజు ఉపవాసం ఉండాలిగా. ఆ రోజే మీ అమ్మను తీసుకురా. మా ఇంట్లో విడుద్దువుగాని."

"నాకూ తీర్చాల్సిన ఉపవాసాలున్నాయి," అంది దాలియా, సముద్రం వైపు చూస్తూ. "నేనూ ఆ రోజే ఉంటాను."



"రైలెక్కగానే ఫోన్ చెయ్యి బాబూ," అంది సుహైర్. "దిగగానే చెయ్యి. మధ్యలో కూడా ఒకసారి చెయ్యి."