శెనక్కాయ చేలో శవం

2008 సెప్టెంబర్ 14. ఉదయం 6.40.

పరిగి దగ్గర వేరుశెనగ చేలో వీరేష్ వెల్లకిలా పడి ఉన్నాడు. వయసు ముప్పై నాలుగు. పక్కన పురుగుమందు డబ్బా. చేను అతనిదే. గట్టు అవతల పాత టైర్లు కాల్చి నూనె తీసే ఫ్యాక్టరీ. అందులోనే కూలికి పోయేవాడు.

ఎస్సై ఈశ్వరి ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుంది. శవం వాసనకు కాదు. కాలిన రబ్బరు కంపుకు. గొంతులో జిడ్డులా అంటుకుంది. ఉమ్మితే నల్లగా పడింది.

"పంట పోయిందని మందు తాగినాడు మేడమ్." ఫ్యాక్టరీ మేనేజర్ వెంకటస్వామి అడగకముందే చెప్పాడు.

"డ్యూటీ ఎప్పుడు దిగాడు?"

"రాత్రి తొమ్మిదికి. నేరుగా చేలోకే పోయినాడు. నేనే చూసినా."

"మీ పొగగొట్టం మీద గ్యాస్ మంట ఎంతసేపు ఉంటుంది?"

"పదికి వెలిగిస్తాం. ఐదుకు ఆర్పేస్తాం. రోజూ ఉండేదే."

వీరేష్ భార్య యల్లక్క శవం కాళ్ల దగ్గర కూర్చుని ఉంది.

"మందు తాగే మనిషి కాదమ్మా ఆయప్ప. ఈ పొగకు పాపకు ఒగటే దగ్గు. పొద్దున్నే హిందూపురం ఆస్పత్రికి పోదామన్యాడు."

ఈశ్వరి వంగి ఒక ఆకు తుడిచింది. వేలు నల్లబడింది. ఇంకో వేలితో వీరేష్ తెల్లచొక్కా మీద రుద్దింది. ఆ వేలిని చాలాసేపు చూసింది.

7.30. ఫ్యాక్టరీ ఆఫీసు. వెంకటస్వామి, యల్లక్క, నైట్ షిఫ్ట్ కూలీ తిరుపాల్.

టీ వచ్చింది. మీద మసి నలుసులు తేలుతున్నాయి. ఈశ్వరి గ్లాసు తోసేసింది.

"రాత్రంతా మీ మంట నుంచి మసి రాలింది. చేనంతా నలుపే. తొమ్మిది నుంచి అక్కడే పడున్నవాడి చొక్కా మీద ఒక్క నలుసూ లేదేం?"

వెంకటస్వామి తలుపు వైపు చూశాడు.

"మంట ఆరాకే శవాన్ని తెచ్చి పడేశారు. ఏమప్పా తిరుపాల్, యాడ సచ్చిపోయినాడు?"

తిరుపాల్ ఏడ్చేశాడు. "టైర్లు కాల్చే డ్రమ్ములో మేడమ్. లోపల బొగ్గు గీకమని ఈయప్పే దింపినాడు. గ్యాస్ ఇంకా పోలేదు. బయటికి లాగేతలికి ఊపిరి లేదు. చొక్కా మార్చి, నోట్లో మందు పోయించినాడు."

"ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నరకు."

ఈశ్వరి మేనేజర్ వైపు తిరిగింది. "శవం ఫ్యాక్టరీలో ఉండగానే పదికి మంట వెలిగించారా?"

"రెండో డ్రమ్ము లోడయిపోయింది మేడమ్. ఆపితే బ్యాచంతా చెడిపోతాది."

ఈశ్వరి లేచింది. "జీపెక్కించండి వీణ్ని," అంది కానిస్టేబుల్‌తో.

యల్లక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "మా ఆయప్ప మందు తాగలేదని ఊర్లో ఒక మాట చెప్తావా అమ్మా?"

గేటు బయట జనం గుమిగూడి ఉన్నారు. ఈశ్వరి వాళ్ల ముందుకెళ్లి నిలబడింది.

"వీరేష్ మందు తాగలేదు."

వెనకవాళ్లకు వినపడలేదేమోనని, ఇంకా గట్టిగా మళ్లీ చెప్పింది.