ఎర్ర చీరలో తెల్ల చుక్కలు

"ఆ పర్చూరు వైపు పత్తే ఇట్టా తగలడిందండీ!"

లక్ష్మీకాంత్ బల్ల మీద పరిచిన ఎర్ర చీర నిండా తెల్ల చుక్కలు. మంగళగిరిలో వాళ్ళది మూడు తరాల అద్దకం. ఎనిమిది చీరలు వెనక్కొచ్చాయి. ఇక పర్చూరు పత్తి నూలు వాడొద్దని నేత సంఘం తీర్మానం చేయబోతోంది. అందుకు రుజువు కోసమే యూనివర్సిటీ ల్యాబ్‌కి వచ్చాడు.

అక్కడ పరిశోధన చేస్తున్న లక్ష్మీదుర్గ కళ్ళెర్రజేసింది.

"మాదీ పర్చూరు పక్కనేనండి. మా నాన్న ముప్పై ఏళ్ళుగా పత్తి వేస్తున్నాడు. టెస్ట్ కాకముందే తీర్పా?"

"సారీ అండి..."

"కూర్చోండి. కాళ్ళు ఊపకండి, మిషన్‌కి పడదు."

అతను కాళ్ళతోపాటు ఊపిరీ బిగబట్టాడు. ఆమె నవ్వు ఆపుకుని, చుక్క దగ్గర్నుంచి ఒక పోగు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

"ఈ మైక్రోస్కోపులో ఒక సూది ఉంటుంది. దాని మొన వెంట్రుకలో వెయ్యో వంతు కూడా ఉండదు. పోగు మీద ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేస్తాం. దాన్ని పీల్చుకున్న చోటు వేడెక్కి రవ్వంత ఉబ్బుతుంది. సూది ఆ ఉబ్బుని పసిగడుతుంది. ఏ కాంతికి ఉబ్బిందో చూసి, అక్కడున్న పదార్థమేంటో చెప్పేస్తాం."

"మా తాత కూడా నూలు వేళ్ళతో తడిమి చెప్పేవాడండి."

ఆమె మొదటిసారి అతన్ని నిదానంగా చూసింది.

మూడు వారాలపాటు ఏదో ఒక ప్రశ్న పట్టుకుని వస్తూనే ఉన్నాడు. ఆఖరికి ఫలితం వచ్చింది.

"పత్తి బంగారంలా ఉంది. పోగు మీద సహజంగా ఉండే మైనం పోలేదు, అందుకే అక్కడ రంగెక్కలేదు. నూలు సరిగ్గా ఉడకలేదండి."

ఉడకబెట్టింది అతని షెడ్డులోనే. ముఖం పాలిపోయింది.

"పెళ్ళిళ్ళ సీజన్ కదాని తొందరపడి గంట ముందే దించేశాను," అన్నాడు మెల్లగా. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

దాచేస్తాడేమో! ఆదివారం సంఘం మీటింగుకి దుర్గ తనే వెళ్ళి, వెనక వరసలో కూర్చుంది.

లక్ష్మీకాంత్ లేచాడు. "తప్పు పత్తిది కాదు, నాది," అంటూ రిపోర్టు మొత్తం చదివాడు.

"ఒరేయ్, మీ తాత పేరు పోద్దిరా!" ఎవరో అరిచారు.

"అబద్ధమాడితే పోద్ది బాబాయ్."

తీర్మానం ఆగిపోయింది. దుర్గకి గర్వంతో కళ్ళు చెమర్చాయి.

సంగతి తెలిసి ఆమె తండ్రి రోశయ్య ల్యాబ్ చూడ్డానికి వచ్చాడు. లక్ష్మీకాంత్ అక్కడే ఉన్నాడు. దుర్గ నోరు తెరిచేలోపే సూది, కాంతి, ఉబ్బు అన్నీ తనే చెప్పేశాడు. "దేశంలో ఈ పని చేసేవాళ్ళు బహు తక్కువండి. మీ అమ్మాయి వాళ్ళలో ఒకరు!"

రోశయ్య మీసం దువ్వుకున్నాడు. "ఇయ్యన్నీ నీకెట్టా తెలుసు అబ్బాయ్?"

"అడిగి తెలుసుకున్నానండి."

"సూది గురించేనా అడిగింది?"

లక్ష్మీకాంత్ తల దించుకున్నాడు.

"ఇంకోటి అడగడానికి ధైర్యం చాల్లేదు నాన్నా," అంది దుర్గ. "అందుకని నిన్న నేనే అడిగేశా. సరేనన్నాడు."