మాపటి చూపు

సరోజ వాళ్ల బర్రె మొదటి రోజే నా గొడుగు విరగ్గొట్టింది.

రాజూరా తాలూకాను హైదరాబాదు నుంచి తెంచి, అటూ ఇటూ తిప్పి, చివరికి మరాఠీ గడ్డ మీది చాందా జిల్లాలో కలిపిన ఏడాది అది. అక్కడి ఒక సరిహద్దు ఊరిలో తెలుగు పిల్లలకు మరాఠీలో చదువు చెప్పమని నన్ను పంపారు. పొద్దుగూకే వేళ చేరాను. గొడుగు బడి మెట్లకు ఆనించి నిలబడ్డాను. బర్రె వీపు మీద చెయ్యి వేసుకుని ఒక పడుచుపిల్ల, సరోజ, వచ్చింది. నేను నవ్వాను. బర్రె గొడుగు తొక్కింది. పిల్ల తల కూడా తిప్పకుండా వెళ్లిపోయింది.

గర్వం అనుకున్నాను.

పగలు ఆమె వేరే మనిషి. అన్న కూతురు జయను బడిలో దింపడానికి వచ్చి, వాకిట్లో నిలబడి నా పాఠం వినేది.

“గురూజీ, నువ్వు చెప్పే మరాఠీ నీకన్న సమజైతుందా?” అని ఒకసారి అడిగింది.

పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకు కోపం రాలేదు. సాయంత్రం కోసం చూశాను. సాయంత్రం మెట్ల మీద నేను, దారిలో ఆమె. పగటి నవ్వు పిసరంత కూడా మిగల్చకుండా, నేనక్కడ లేనట్టే పోయేది. రోజూ అంతే.

వానలు పట్టాయి. మబ్బు కమ్మితే పెంకుల బడిలో మధ్యాహ్నమే చీకటి. బోర్డు దగ్గరికి పిలిస్తే చిన్నపిల్లలు పలకల మీద పడేవారు. అక్షరం చూపిస్తే గోడను చూసేవారు. జయ నా పాదం తొక్కి, గడప అనుకుని దండం పెట్టింది. ఈ పిల్లలకు చదువు అబ్బదని సరోజతో అన్నాను.

ఆమె నవ్వలేదు.

“చదువు రాక కాదు గురూజీ. మబ్బు పడితే ఆళ్లకు కండ్లు కనబడయి.”

“నీకెట్ల తెలుసు?”

“నాక్కూడ కనబడయి.”

రేచీకటి. ఆ ఊళ్లో చాలా ఇళ్లలో ఉంది, ఎవరూ నోరెత్తరు. సరోజకు తల్లి లేదు. పెంచిన మేనత్త సాయమ్మ, ఆ మాట బయటికి పోతే సంబంధాలు రావని ఆమె చేత ఒట్టు వేయించుకుంది. అందుకే పొద్దు వాలితే బర్రె ఆమెను ఇల్లు చేర్చేది. నేను రోజూ మెట్ల మీద కూర్చుంటున్నానని ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు.

బల్లార్షా వెళ్లాను. అక్కడి డాక్టరు చేప నూనె సీసాలిచ్చి, మునగాకు కూడా తినిపించమన్నాడు. పిల్లలు వాసనకే పారిపోయారు. సరోజ నా చేతిలో చెంచా లాక్కుని ముందు తాను తాగింది. ముఖమంతా ముడుచుకుపోయింది.

“నోట్ల చెరువు ఎండినట్టున్నది,” అంది.

పిల్లలు నవ్వుతూ నోళ్లు తెరిచారు. ఆనాటి నుంచి బడిలో అక్షరాల కన్నా ముందు చెంచా.

కొన్ని వారాలకు జయ మసకలో బోర్డు మీది అక్షరం చదివింది. ఆ సాయంత్రమే, తుంపరలో, బర్రె ఒంటరిగా ముందు వెళ్లిపోయింది. సరోజ వెనక ఆగింది. మెట్ల వైపు తిరిగి నన్ను చూసింది. చూస్తూనే ఉంది.

“పగలు గురూజీ లెక్కనే ఉంటవు. మాపటికి రోజూ గిట్లనే చూస్తవా?”

“రోజూ గిట్లనే.”

“మరి మా నాయినతోని మాట్లాడు. తుంపర్ల నన్నెంతసేపు నిలబెడతవు?”

ఆమె తండ్రి భీమయ్య ఒప్పుకున్నాడు. పెళ్లయింది. కథ ఇక్కడ ఆపగలిగినవాళ్లు అదృష్టవంతులు.

మరుసటి ఏడు నన్ను జివతి కొండల్లోకి బదిలీ చేశారు. కానుపుకు సరోజ పుట్టింటికి వెళ్లింది. కడుపుతో ఉన్నప్పుడు రేచీకటి తిరగబెడుతుందని డాక్టరు ముందే చెప్పాడు. నూనె సీసా సాయమ్మ చేతికే ఇచ్చి, ఎందుకో చెప్పాను. ఆమె దాన్ని అటక ఎక్కించింది. ఇరుగుపొరుగు చూస్తే ఇంటి పరువు పోతుందట. సరోజ అడిగితే, కడుపుతో ఉన్నదానికి చేప కంపు పడదని నోరు మూయించిందట.

శ్రావణంలో ఒక మసక సాయంత్రం సరోజ పెరటి మెట్లు దిగుతూ, మెట్టు లేని చోట కాలు పెట్టింది. తల్లీ బిడ్డా దక్కలేదు. నేను వెళ్లి అటక మీది సీసా దించాను. మూతకు వేసిన లక్క అలాగే ఉంది.

సాయమ్మ నా కాళ్లు పట్టుకోబోయింది. వెనక్కి తీసుకున్నాను.

ఏళ్లు గడిచాక అదే బడికి తిరిగి వచ్చాను. ఈ జూన్‌లో బడి తెరిచిన రోజు జయ తన కూతురిని తీసుకొచ్చింది.

“మామా, సాయవ్వకు కండ్లు పోయినయి. ఒక్కసారి నిన్ను రమ్మంటుంది. తప్పయిందని చెప్పుకుంటదట.”

“రాను.”

“పానం పోతలేదు మామా ఆమెకు.”

“ఉండనియ్యి. పిల్లను గిటు తే.”

చెంచాలో నూనె పోశాను. పిల్ల తల్లి కొంగు చాటుకు పోయింది. ముందు నేను తాగాను. నోట్లో చెరువు ఎండినట్టుందని చెప్పాను. పిల్ల నవ్వి నోరు తెరిచింది. జయ గోడ వైపు తిరిగి నిలబడింది.

కొన్ని వారాలు గడిచాయి. నిన్న సాయంత్రం మబ్బు దట్టంగా ఉంది. మెట్ల మీద కూర్చున్నాను. ఆ పిల్ల ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, నీటి గుంటలు దాటుకుంటూ వచ్చి నా ముందు ఆగింది.

“ఎవరి కోసం చూస్తున్నవు గురూజీ?”

“నీకు నేను కనబడుతున్ననో లేదోనని.”

“కనబడుతున్నవు,” అంది. “ఏడుస్తున్నవు గూడ.”