కొండచిలువ మూడో చుట్టు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండర్రా, ఇది కంచుగిరి రాజ్యం కథ. అక్కడ ఇంటింటా కంచు కొలిమే. తెల్లారింది మొదలు సుత్తి దెబ్బలు, గంటల మోత. అక్కడి పిల్లలందరికీ అదే జోలపాట. దర్జీ వీరేశం కొడుకు కోనడికి మాత్రం ఆ మోత చెవుల్లో నిప్పు పోసినట్టుండేది. కేకలు పెట్టేవాడు. చొక్కా తొడిగితే ముళ్ళు గుచ్చుకున్నట్టు పీకి పారేసేవాడు. పరుగెత్తుకెళ్ళి రెండు ధాన్యపు గాదెల మధ్య సందులో ఇరుక్కుంటేనే ఊరుకునేవాడు. ఏడేళ్ళవాడు, పాపం, రోజులో సగం ఆ సందులోనే.

ఆ కేకలు అపశకునమని కొలిమివాళ్ళు రాజుకు మొరపెట్టుకున్నారు. "పున్నమిలోగా వాడు అరవడం మానకపోతే దెయ్యాల లోయలో వదిలి రండి" అన్నాడు రాజు. పున్నమికి పన్నెండు రోజులుంది.

కోనడి అక్క సింగారికి పద్నాలుగేళ్ళు. "ఆ సందు వాణ్ని గట్టిగా పట్టుకుంటోంది నాన్నా, అందుకే ఊరుకుంటున్నాడు. అలా పట్టుకునే అంగీ ఎక్కడున్నా తెస్తాను" అని అడవిదారి పట్టింది.

మొదటి గుట్ట మీద ఒక ముని ఉన్నాడు. మూడు రోజులు నీళ్ళు మోసి సేవ చేస్తే కళ్ళు తెరిచి, "వాడి రాత అంతే తల్లీ, ఇంటికి పో" అని మళ్ళీ మూసుకున్నాడు. మూడు రోజులూ దండగ.

రెండో గుట్ట మీద రాక్షసి. సింగారిని ఒంటిచేత్తో పైకెత్తి, కథంతా విని, మెల్లిగా కింద దించేసింది.

"నా పిల్ల కూడా ఇంతేనే. విసిగిపోయి అడవిలోకి తరిమేశాను. ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నాను, కనపళ్ళేదు."

"దీనికి మందేమైనా ఉందా అత్తా?"

"ఉంటే నేనిలా తిరుగుతానా? అవతలి గుహలో కొండచిలువ ఉంది, దాన్నడుగు. బతికొస్తావని మాత్రం అనను."

గుహలో కొండచిలువ తలెత్తింది. "ఏం కావాలి?"

"నీ పట్టు కావాలి, పెద్దయ్యా."

"నా పట్టులోంచి ప్రాణంతో పోయినవాళ్ళు లేరు."

"అందుకే నీ దగ్గరకొచ్చాను. ఎక్కడ ఆపాలో నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

కొండచిలువ ఆలోచించి ఆమెను చుట్టింది. మొదటి చుట్టుకు భయమేసింది. రెండో చుట్టుకు ఒళ్ళు చల్లబడింది. మూడో చుట్టుకు, ఏమని చెప్పను, అమ్మ కొంగులో ఒదిగినట్టు గుండె కుదుటపడింది. నాలుగో చుట్టు పడబోతుంటే సింగారి అరచేత్తో తట్టింది. "చాలు. ఇక్కడే."

"కొలత దొరికిందిగా" అని కొండచిలువ తన కుబుసం ఇచ్చింది.

తిరుగుదారిలో ముళ్ళడవి ఆ కుబుసాన్ని చీల్చి పోగులు చేసింది. ఇల్లు చేరేసరికి మిగిలింది జానెడు ముక్క. పున్నమి మర్నాడే. సింగారి నాన్న కుట్టుకొట్టు మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూ ఆ ముక్కనే అటూ ఇటూ లాగింది. నిలువుగా సాగలేదు, అడ్డంగా సాగలేదు. పొలుసుల వరస వెంట ఐమూలగా లాగితే సాగి, మళ్ళీ దగ్గరకొచ్చింది.

"నాన్నా, గుడ్డ ఐమూలగా కత్తిరించు, ఇలాగే సాగి ఒంటిని పట్టుకుంటుంది."

"మా తాతల కాలం నుంచి ఎవరూ అలా కత్తిరించలేదే. సగం గుడ్డ పాడైపోతుంది."

"పోనీ నాన్నా. తమ్ముడు పోతే?"

వీరేశం కత్తెర తీశాడు. సింగారి మూడో చుట్టు కొలతకు, ఒంటికి అతుక్కునేలా అంగీ కుట్టింది. కోనడికి తొడిగితే ఒక్క క్షణం ఆగి పీకేశాడు. ఇంక అయిపోయిందనుకుంది. చూస్తే వాడి చంక కింద ఎర్రటి గీత, లోపలి కుట్టు ఒరుసుకుని. అంగీని తిరగేసి, కుట్లు పైకి వచ్చేలా మళ్ళీ తొడిగింది. వాడు పీకలేదు.

మర్నాడు డప్పు కొట్టుకుంటూ భటులు వచ్చారు. కోనడు గడపలో కూర్చుని ఉన్నాడు. ముఖం చిట్లించాడు గానీ అరవలేదు.

"డప్పు మెల్లిగా కొట్టు మామా" అన్నాడు.

డప్పు కొట్టే భటుడు నిజంగానే మెల్లిగా కొట్టుకుంటూ మిగతావాళ్ళతో వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ మాట విని రాజు ఆజ్ఞ ఉపసంహరించుకున్నాడు. అంతటితో ఆగక సింగారిని కోటకు పిలిపించి, తలుపులన్నీ వేయించి, "మా చిన్నపిల్ల కూడా పట్టుబట్టలు పీకేస్తుందమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. ఆమె రెండో అంగీ కుట్టింది. మూడోది చాలా పెద్దది, రెండో గుట్ట మీద పెట్టి వచ్చింది, ఆ రాక్షసి పిల్ల ఎప్పటికైనా తిరిగొస్తే తొడుక్కుంటుందని.

గాదెల సందులో ఆ సంవత్సరం ఒక పిల్లి పిల్లల్ని పెట్టింది. కోనడు అటు పోవడం మానేశాడు, సందు ఖాళీగానే ఉంది మరి.